వేషం తీసిన తరువాత

తమిళనాడులోని నామక్కల్ ప్రాంతం, ఒక పల్లె, మారియమ్మ జాతర. వేషాలు కట్టి ఊరేగడం అక్కడి ఆనవాయితీ. మగపిల్లవాడిగా పెరుగుతున్న ఒక బిడ్డ ఆ సంవత్సరం కురత్తి వేషం కట్టింది. కురత్తి అంటే మన ఎరుకలసాని వంటి పాత్ర. ఆ ఆటను ఊరు మెచ్చుకుంది, అచ్చం ఆడపిల్లలాగే ఉన్నాడని ముచ్చటపడింది. ఆట ముగిసింది, చీర విప్పి మళ్ళీ మగబట్టలు తొడుక్కున్నప్పుడు ఆ బిడ్డకు కలిగిన భావం మాత్రం ఊరి ఊహకు అందనిది. వేషం ఇప్పుడే మొదలైందనీ, అసలు మనిషిని ఆ చీరతోపాటే విడిచి వచ్చాననీ ఆ బిడ్డకు అనిపించింది.

ఆ బిడ్డే తరువాతి కాలంలో ఎ. రేవతి. పుట్టినప్పుడు పెట్టిన పేరును ఆమె తన పుస్తకంలో దాచలేదు. అయితే ఈ వ్యాసానికి దానితో పనిలేదు. తమిళంలో రాసుకున్న ఆత్మకథ ముందుగా 2010లో వి. గీత చేసిన ఆంగ్లానువాదంగా, ‘ది ట్రూత్ అబౌట్ మీ’ అన్న పేరుతో వెలువడింది. మరుసటి ఏడు ‘వెళ్ళై మొళి’గా తమిళంలోనూ అచ్చయింది. తెలుగులో పి. సత్యవతి దానిని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా అనువదించారు. ఆ అనువాదానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం లభించింది. అదే సంవత్సరం న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బట్లర్ గ్రంథాలయం ముఖద్వారం మీద, రాతిలో చెక్కిన హోమర్, ప్లేటో, సిసెరోల పేర్లకు పైన రచయిత్రుల పేర్లతో ఒక బ్యానరు వేలాడింది. టోనీ మారిసన్, మాయా ఏంజెలూల సరసన అందులో రేవతి పేరు కూడా ఉంది.

ఇటువంటి రచనల గురించి మాట్లాడేటప్పుడు విమర్శకులూ వైద్యులూ తరచుగా ఆశ్రయించే మాట ఒకటి ఉంది. కళ గాయాన్ని మాన్పుతుంది, రాయడంతో బాధ తీరుతుంది, రంగులు మనసును కడుగుతాయి. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ రేవతి పుస్తకానికీ, అంతకు ముందే వచ్చిన లివింగ్ స్మైల్ విద్య రచనకూ దానిని అన్వయించబోతే అది ఎక్కడెక్కడ చిరుగుతుందో చూడడం అవసరం. ఎందుకంటే ఈ మాటలో వైద్యులకు ఒక సౌకర్యం ఉంది. బాధ అనేది రచయిత లోపల ఉన్న రుగ్మత అనీ, రచన దానికి ఆమె స్వయంగా వేసుకున్న మందు అనీ అనుకుంటే ఆ బాధ పెట్టినవారి ప్రస్తావన రాకుండానే కథ ముగుస్తుంది.

ముందు వేషం సంగతి. తెలుగువారికి ఇది పరాయి విషయం కాదు. 1920ల నుంచి తెనాలి రామవిలాస సభ నాటకాలలో స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ, చిత్రాంగి, మధురవాణి పాత్రలను చూసి తెలుగు నాట స్త్రీలే కట్టూబొట్టూ సరిచూసుకున్నారని చెప్పుకునేవారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామకూ పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న నియమాన్ని సిద్ధేంద్రయోగి పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. హర్షిత మృత్యింటి కామత్ 2019లో ప్రచురించిన ‘ఇంపర్సనేషన్స్’ అనే గ్రంథం ఈ ఆచారాన్ని నిశితంగా పరిశీలించింది. ఆడవేషం కట్టడం ఆ పురుషుల పురుషత్వాన్ని తగ్గించలేదనీ, వారి కులపురుషత్వానికి ఒక కొలమానం అయిందనీ ఆమె వాదన. అంటే వేషానికి దక్కే గౌరవం ఒక షరతు మీద ఆధారపడి ఉంది. తెర దిగాక వేషం తీసెయ్యాలి. తీసేవాడు కళాకారుడు, తీయనివాడు మరొకడు. (స్థానం వారినీ వేదాంతం వారినీ ఇక్కడ తలచుకోవడం వారి వ్యక్తిగత జీవితాల గురించి ఏదో సూచించడానికి కాదు. వారు మహానటులు, అంతే.)

ఆ మరొకడికి ఏమి దక్కిందో హైదరాబాదు రాజ్యపు చట్టం స్పష్టంగానే చెప్పింది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టంలో రెండవ భాగం నపుంసకులుగా ముద్రపడినవారికి సంబంధించినది. దాని ఒరవడిలోనే నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, మరొక చట్టం వచ్చింది. దాని ప్రకారం అటువంటివారి పేర్లను ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. వారు ఆడదుస్తులతో, నగలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. బహిరంగ స్థలంలో పాడినా, నాట్యం చేసినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా అదే శిక్ష. చట్టం నిషేధించినవాటిలో కళ కూడా ఉందన్నమాట. కోస్తాలో స్థానం వారి సత్యభామకు చప్పట్లు మోగుతున్న దశాబ్దాలలోనే హైదరాబాదు వీధిలో అదే చీర జైలుకు దారి. ఈ చట్టం ఏనాటి ముచ్చటో అనుకోనక్కరలేదు. రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది 2023 జులైలో.

జాతరలో మెచ్చుకున్న లోకమే తరువాత రేవతిని కొట్టింది. ఇంటి నుంచి పారిపోయి హిజ్రాల కుటుంబంలో చేరిన ఆమెను, అమ్మకు ఒంట్లో బాగాలేదని నమ్మబలికి వెనక్కి రప్పించారు. అన్న క్రికెట్ బ్యాటుతో చావగొట్టాడు. ఎంతో ఆశగా పెంచుకున్న జుట్టును గుండు కొట్టించారు. శరీరానికి తగిలిన దెబ్బల కన్నా ఆ గుండు గురించి రాసిన వాక్యాలలో ఎక్కువ దుఃఖం ఉంది. పుస్తకంలో ముంబైలో జరిగిన లైంగిక హింస వస్తుంది, బెంగుళూరు పోలీసు స్టేషనులో జరిగిన అవమానం వస్తుంది. వీటన్నిటినీ రేవతి దాదాపు ఒకే స్వరంతో చెబుతారు. గొంతు పెంచరు, ఉపమానాలు వెదకరు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏమన్నారు, తన ఒంటి మీద ఏ బట్టలున్నాయి, చేతిలో ఎంత డబ్బుంది అన్నవే చెబుతారు. కొందరు పాఠకులకు ఇది చప్పగా తోచవచ్చు. కానీ ఆసుపత్రిలో గాయాల నివేదిక రాసేవారికి ఈ స్వరం తెలుసు. న్యాయస్థానం ముందు నిలిచే సాక్షి స్వరం ఇది. తన మాట ఎవరూ నమ్మరని ముందే తెలిసిన మనిషి వివరాన్నే నమ్ముకుంటుంది.

ఇక రాయడం వల్ల ఆరోగ్యం మెరుగవుతుందనే వాదం. జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగం దీనికి మూలం. కళాశాల విద్యార్థులను వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని బాధాకర సంఘటనల గురించి రాయమన్నారు. సంఘటనతోపాటు దానిపట్ల తమ భావాలను కూడా రాసినవారు ఆ తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. దీనిని చెప్పేవారు తరచుగా వదిలేసే సంగతి మరొకటి ఉంది. రాసిన వెంటనే వారి మనఃస్థితి దిగజారింది, రక్తపోటు పెరిగింది. పాత గాయాన్ని తవ్వితే నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని భరించి బయటపడడానికి ఆ విద్యార్థులకు హాస్టలు గది ఉంది, భోజనం ఉంది, మర్నాడు తరగతి ఉంది. జూడిత్ హెర్మన్ 1992 నాటి ‘ట్రామా అండ్ రికవరీ’లో కోలుకోవడాన్ని 3 దశలుగా వివరించారు. మొదటిది భద్రత. రెండవది గతాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం. మూడవది తిరిగి లోకంతో కలవడం. మొదటిది లేకుండా రెండవదానికి పోవద్దని ఆమె గట్టిగా హెచ్చరిస్తారు.

రేవతి పుస్తకాన్ని ఈ చట్రంలో పెట్టి చూస్తే చిక్కు వెంటనే తెలుస్తుంది. మానసిక గాయాన్ని గురించిన సిద్ధాంతాలు చాలావరకు గాయం గతంలో ఉందని భావిస్తాయి. యుద్ధం ముగిసింది, ప్రమాదం జరిగిపోయింది, ఇప్పుడు జ్ఞాపకంతోనే పోరు. లింగపరివర్తన చేసుకున్న వ్యక్తికి వీధిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ అదే గాయం కొత్తగా తగలవచ్చు. మైనారిటీ వర్గాల మీద నిరంతరం పనిచేసే ఇటువంటి ఒత్తిడిని గురించి ఇలాన్ మేయర్ 2003లో విపులంగా రాశారు. జరిగిన దాడే కాక జరగబోయే దాడి కోసం అప్రమత్తంగా ఉండడం, ఇతరుల ఏవగింపును మనిషి తనలోకి తీసుకోవడం కూడా ఆ ఒత్తిడిలో భాగాలే. ఇటువంటి జీవితంలో రచన అనేది అంతా సద్దుమణిగాక కూర్చుని చేసే పని కాదు. రేవతికి భద్రత తరువాత రచన రాలేదు. భద్రతను సంపాదించుకునే ప్రయత్నంలో ఒక భాగంగా వచ్చింది.

దీనికి ఆధారం ఆమె రచనల వరసలోనే ఉంది. బెంగుళూరులోని సంగమ సంస్థలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టిన రేవతి, 2004లో తమిళంలో ‘ఉణర్వుం ఉరువముం’ అనే పుస్తకం తెచ్చారు. ‘అనుభూతీ ఆకృతీ’ అనుకోవచ్చు తెలుగులో. అది ఆమె కథ కాదు. తమిళనాడంతా తిరిగి సేకరించిన ఇతర హిజ్రాల జీవితకథలు అందులో ఉన్నాయి. అంటే ముందు ఇతరుల మాట విన్నారు, రాశారు. తన కథ 2010లో వచ్చింది. ఆత్మకథను ఆత్మచికిత్సగా మాత్రమే చదివేవారు ఈ 6 ఏళ్ళ దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. గాయపడిన మనిషి మొదట తన గాయాన్నే చూసుకోవాలి కదా? రేవతి అలా చేయలేదు. ఇతరుల సాక్ష్యాల మధ్య తన సాక్ష్యానికి చోటు దొరికాకే తన కథ చెప్పారు.

ఇక్కడ వైద్యశాస్త్రం తన చరిత్రను తాను చూసుకోవలసిన ఘట్టం ఒకటి ఉంది. హ్యారీ బెంజమిన్ 1966లో రాసిన ‘ది ట్రాన్స్‌సెక్సువల్ ఫినామినన్’ అమెరికాలో చాలాకాలం ప్రామాణిక గ్రంథం. శస్త్రచికిత్స కోరి వచ్చినవారిలో ఎవరు అర్హులో తేల్చడానికి క్లినిక్కులు దానిని ఆధారం చేసుకున్నాయి. శాండీ స్టోన్ 1991లో అచ్చయిన తన సుప్రసిద్ధ వ్యాసంలో ఒక చమత్కారమైన నిజాన్ని బయటపెట్టారు. రోగులు కూడా ఆ పుస్తకం చదివారు. వైద్యుడు ఏ కథ వినాలనుకుంటున్నాడో దానినే చెప్పారు. తప్పుడు శరీరంలో పుట్టాను, పసితనం నుంచి ఇదే కోరిక, మరో సందేహం లేదు. రోగులందరి చరిత్రా ఒకేలా ఉండడం చూసి తమ సిద్ధాంతం రుజువైందని వైద్యులు సంతోషించారు. ఈ చిత్రంలో మోసగించిందెవరు, మోసపోయిందెవరు అన్న ప్రశ్న కన్నా ముఖ్యమైనది మరొకటుంది. తలుపు తెరిపించుకోవడానికి మనిషి తన జీవితాన్ని నునుపు చేసి చెప్పవలసివచ్చింది, గరుకుదనమంతా బయటే వదిలేసి లోపలికి రావలసివచ్చింది. ఆ వదిలేసినదానికి చోటు ఇచ్చినది ఆత్మకథ, నాటకం, చిత్రం. లింగపరివర్తనను మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తొలగించిన ఐసీడీ 11వ కూర్పు 2022లోగాని అమలులోకి రాలేదని గుర్తుంచుకుంటే, వైద్యం కన్నా సాహిత్యం ఎంత ముందు నడిచిందో తెలుస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ డెన్మార్కుకు చెందిన లిలీ ఎల్బ. పరివర్తనకు ముందు ఆమె పేరున్న ప్రకృతిదృశ్య చిత్రకారిణి, అప్పటికి లోకం దృష్టిలో చిత్రకారుడు. 1930లో శస్త్రచికిత్సలు మొదలైన తరువాత కుంచె ముట్టలేదు. చిత్రకళ ఆ పాత మనిషిది, తనది కాదని ఆమె భావించింది. 1931లో డ్రెస్డెన్‌లో శస్త్రచికిత్సానంతర సమస్యలతో మరణించింది. లిలీని మొట్టమొదట లిలీగా చూసినది ఆమె భార్య గెర్డా వేగెనర్ కుంచె. ఆ చిత్రాలలో లిలీ మోడల్. ఇక్కడ కళ చేసిన పని తక్కువదని అనలేము. కానీ గాయం మాన్పుకునే సాధనంగా కళను అందరికీ ఒకే మోతాదులో రాసివ్వడం కుదరదని లిలీ వదిలేసిన కుంచె చెబుతుంది. తన గతంలోని నైపుణ్యమే కొందరికి తప్పించుకోవలసిన బరువు కావచ్చు.

లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ‘నాన్ విద్య’ 2007లో తమిళంలో వచ్చింది. తిరుచ్చిలో దళిత కుటుంబంలో పుట్టి, తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ఎం.ఏ. చదివి, విద్యార్థి దశలోనే నాటకరంగంలోకి అడుగుపెట్టిన మనిషి ఆమె. అంత చదువూ చదివి పుణేలో రైళ్ళలో బిచ్చమెత్తవలసివచ్చింది. పుస్తకం బాల్యంతో మొదలుకాదు, శస్త్రచికిత్సతో మొదలవుతుంది. హిజ్రాలు దానిని ‘నిర్వాణం’ అంటారు. ఆ నిర్వాణం కోసం చేసిన రైలు ప్రయాణం చేరినది కడపకు. తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. స్పృహలో ఉండగానే జరిగిన కోత, సరిగా కోలుకోకముందే తిరుగు ప్రయాణం, ఆ నొప్పి మధ్యలోనే పొంగివచ్చిన ఆనందం, ఇవన్నీ మనకు బాగా తెలిసిన ఒక పట్టణం నేపథ్యంలో జరిగాయి. ఎందుకింత చాటుమాటుగా? భారత శిక్షాస్మృతి 320వ సెక్షను తీవ్రగాయాలను ఏకరువు పెట్టినప్పుడు అందులో మొట్టమొదటిది పుంస్త్వాన్ని హరించడం. ఆ భయం చాలామంది సర్జన్లను వెనక్కి లాగింది. ముందుకు వచ్చినవారిలో కొందరు రాతకోతలు లేకుండా, తగిన మత్తు లేకుండా, తరువాతి పర్యవేక్షణ లేకుండా పని కానిచ్చారు.

ఆ తరువాతి పర్యవేక్షణ అన్న మాట విమర్శకుడికి ఎందుకు అని అడగవచ్చు. సంబంధం ఉంది. వృషణాలు తొలగించిన కొద్ది రోజులలోనే రక్తంలో టెస్టోస్టిరోన్ అట్టడుగుకు పడిపోతుంది. దాని స్థానంలో ఈస్ట్రోజెన్ ఇవ్వకపోతే ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, నీరసం, దిగులు రావచ్చు, ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. కనుక ఈ తరహా ఆత్మకథలలో పరివర్తన తరువాత కనిపించే కుంగుబాటునంతా మానసిక గాయంగానో, అస్తిత్వ సంఘర్షణగానో వ్యాఖ్యానించడం తొందరపాటు కావచ్చు. అందులో కొంత హార్మోను లోపం అయ్యుండే అవకాశం ఉంది, మాత్రతో తీరేది. సాహిత్య విమర్శ అన్నిటికీ అర్థం వెదుకుతుంది. కొన్నిటికి చికిత్స వెదకాలి. పుస్తకంలోని మనిషికి రోగనిర్ధారణ చేయడం తగనిపనే, కానీ శరీరాన్ని మరచిపోయి చదవడం అంతకన్నా తగనిది.

ఆసుపత్రి ఇవ్వని పర్యవేక్షణను హిజ్రా కుటుంబం తన పద్ధతిలో ఇచ్చింది. నిర్వాణం తరువాత 40 రోజుల ఏకాంతాన్ని రేవతి వివరంగా రాశారు. ఆహారానికి నియమాలు, స్నానానికి నియమాలు, అద్దం చూసుకోకూడదు. గడువు తీరాక పసుపు, గోరింటాకు, కొత్త చీర, దేవత ముందు పూజ, అప్పుడు అద్దం. మన ఇళ్ళలో పురిటిస్నానం తెలిసినవారికి ఈ క్రమం ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. తనను తాను మొదటిసారి చూసుకునే ఆ క్షణాన్ని ఒక సమూహం కలిసి సిద్ధం చేస్తుంది. ఏ చికిత్సాలయపు ఆర్ట్ థెరపీ గదిలోనూ ఇంత చక్కని రూపకల్పన దొరకదు. అయితే రేవతి ఈ కుటుంబాన్ని స్వర్గంగా చూపలేదు. గురువు పెట్టిన ఖర్చు చేలా మీద అప్పుగా నిలుస్తుంది. ఆ అప్పు తీర్చడానికి దొరికే పనులు బిచ్చం, దుకాణాల్లో చప్పట్లు, శరీరం అమ్ముకోవడం. కట్టుబాటు దాటితే జరిమానా. ఆదరణా పెత్తనమూ ఒకే చేతి నుంచి వస్తాయని చెప్పగలగడం ఈ పుస్తకపు నిజాయితీ.

ఇక భాష. ‘వచ్చాను’ అనే తెలుగు క్రియలో చెప్పేది ఆడో మగో తెలియదు. తమిళంలోనూ అంతే. హిందీలో ‘మై ఆయా’ అన్నా ‘మై ఆయీ’ అన్నా మనిషి తానెవరో ప్రకటించినట్లే. ఢిల్లీ, ముంబైల హిజ్రా ఇళ్ళకు చేరిన దక్షిణాది వ్యక్తికి హిందీ నేర్చుకోవడం అంటే ప్రతి వాక్యంలోనూ తన లింగాన్ని ఎంచుకోవడం నేర్చుకోవడమే. పుట్టిన భాష తెలియకుండానే ఇచ్చిన ఆశ్రయాన్ని కొత్త భాష తీసివేసి, దాని బదులు ఒక ప్రకటనను చేతిలో పెడుతుంది. ప్రథమ పురుషలో మరో చిక్కు. తమిళంలో అవన్, అవళ్, అదు మూడూ వేరు, వాటి క్రియలూ వేరు. హిజ్రాను ‘అదు’ అంటే మనిషి కాదన్నట్లే. తెలుగు ఏకవచనంలో ఆమె ‘వచ్చింది’, బండీ ‘వచ్చింది’. స్త్రీని వస్తువుతో కలిపేసిన వ్యాకరణం మనది. కాబట్టి తమిళంలోని ఆ తిట్టు తెలుగులోకి రాగానే సగం పదును పోగొట్టుకుంటుంది, లేదా ఆ పదును స్త్రీలందరి మీదికీ మళ్ళుతుంది. గౌరవ బహువచనంలో మాత్రం ‘వచ్చారు’ అంటే ఏ చిక్కూ లేదు. మన భాషలో లింగభేదం చెరిగేది గౌరవం ఇచ్చినప్పుడే.

సత్యవతి అనువాదం ఆంగ్లం నుంచి జరిగింది. అంటే తమిళ పల్లెమాట ఆంగ్లం గుండా వడకట్టి తెలుగుకు చేరింది. ఆంగ్లంలోని ‘యూ’ అన్న మాట, అన్న కసిరినప్పటి ‘ఒరేయ్’నూ, గురువు పిలిచినప్పటి ‘ఏమే’నూ ఒకే గిన్నెలో పోస్తుంది. వాటిని మళ్ళీ వేరుచేసే భారం తెలుగు అనువాదకురాలిది. ఆ భారం తేలిక కాదు, ఎందుకంటే ఈ కథలో ‘ఒరేయ్’ నుంచి ‘ఏమే’కు జరిగిన ప్రయాణమే అసలు కథ. తమిళం నుంచి నేరుగా తెచ్చి ఉంటే బాగుండేదన్న అసంతృప్తి కొంత మిగులుతుంది. అయినా ఈ పుస్తకం సత్యవతి చేతిలో పడడం తెలుగువారి అదృష్టమే. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోయిన గృహిణి కథ ‘ఇల్లలకగానే’ రాసిన రచయిత్రి ఆమె. పేరు పోగొట్టుకోవడం ఏమిటో తెలిసిన కలం, పేరు సంపాదించుకున్న మనిషి కథను అనువదించింది. పైగా తెలుగులో వాడుకలో ఉన్న పదాలలో చాలాభాగం తిట్లు. తమిళానికి ‘తిరునంగై’ అనే గౌరవపదం దొరికింది, ప్రభుత్వమూ పత్రికలూ దానిని వాడుకలోకి తెచ్చాయి. తెలుగులో ట్రాన్స్‌జెండర్, ట్రాన్స్ మహిళ అనే అరువుమాటలతోనే ఇప్పటికి గడుస్తున్నది.

విద్య కథ కన్నడ అనువాదం ఆధారంగా బి.ఎస్. లింగదేవరు 2015లో ‘నాను అవనల్ల అవళు’ అనే చిత్రం తీశారు. నేను అతను కాదు, ఆమె అని అర్థం. విద్య పాత్ర పోషించిన సంచారి విజయ్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. నటన గొప్పదే, ఎంతో సంయమనంతో చేశాడు. కానీ అక్కడొక వికటమైన వ్యంగ్యం ఉంది. ‘ఆమె’ అని చాటే చిత్రానికి వచ్చిన పురస్కారం ఉత్తమ ‘నటుడి’ది. వేషం కట్టి, చిత్రీకరణ అయ్యాక తీసేసిన పురుషుడికి దేశం పెద్ద గౌరవం ఇచ్చింది. ఆ జీవితాన్ని జీవించిన నటికి మాత్రం, కులమూ లింగమూ రెండూ అడ్డమై, రంగస్థలం మీద తగిన చోటు కోసం ఏళ్ళ తరబడి పోరాడవలసివచ్చింది. స్థానం వారి కాలానికీ మన కాలానికీ మధ్య ఈ విషయంలో దూరం అనుకున్నంత లేదు.

విద్య చేసిన జవాబు ఆసక్తికరమైనది. ఆత్మకథతో ఆగలేదు. ఏంజెల్ గ్లాడీ, జీ ఇమాన్ సెమ్మలర్‌లతో కలిసి పన్మై అనే నాటక బృందాన్ని నడిపింది. వారి ప్రదర్శనలో నవ్వు పాలు ఎక్కువ. చార్లెస్ వాలెస్ ఉపకారవేతనంతో లండన్ వెళ్ళి శిక్షణ పొందింది, విదూషక కళ మీద మక్కువ పెంచుకుంది. తరువాత స్విట్జర్లాండుకు చేరి అక్కడా నాటకం వదలలేదు. దుఃఖగాథ ఆశించి వచ్చే ప్రేక్షకుడికి విదూషకుడి ముక్కు చూపించడంలో ఒక తిరస్కారం ఉంది. ప్రచురణకర్తలూ, సభలూ, సానుభూతిపరులూ ట్రాన్స్ కళాకారుల నుంచి ఒకే సరుకు అడుగుతారు: ఎంత బాధపడ్డావో చెప్పు. ఆ కోరికకూ పాత క్లినిక్కు ప్రశ్నకూ పోలిక ఉంది. రెండుచోట్లా లోపలికి రావడానికి చెల్లించవలసిన రుసుము కథే.

కల్కి సుబ్రమణియం సహోదరి ఫౌండేషన్ తరఫున చేపట్టిన ‘రెడ్ వాల్’ ఈ చిక్కును ఇంకో దారిలో ఎదుర్కొంది. హింసకు గురైన ట్రాన్స్ వ్యక్తులు కాగితం మీద ఎర్రరంగు అద్దిన అరచేతి ముద్ర వేసి, దాని మీద తమకు జరిగినది తమ చేతివ్రాతతో రాస్తారు. వాటిని వరుసగా గోడకు అతికిస్తారు. పసుపు కుంకుమల చేతిముద్రలు గుమ్మాలకు వేసే సంస్కృతిలో ఈ ఎర్రచేతులు ఏమి గుర్తుచేస్తాయో ఊహించవచ్చు. చిత్రకళగా చూస్తే ఇందులో నైపుణ్యానికి చోటు తక్కువే. అయినా ఒక్కరి గొంతు మీద మోయలేనంత బరువు పడకుండా చూడడం, ఎవరి బాధా ప్రదర్శన వస్తువుగా ఒంటరిగా నిలబడకుండా చూడడం, ఈ రెండు పనులూ ఆ గోడ చేసింది. చికిత్స అన్న మాటకు ఇది దగ్గరగా వస్తుంది, కానీ నయమయ్యేది ఎవరన్న ప్రశ్న అక్కడ చూసేవారి వైపు తిరుగుతుంది.

రేవతి ‘వెళ్ళై మొళి’ని ఏకపాత్ర ప్రదర్శనగా తానే రంగస్థలం మీద ఆడారు. జాతరలో కురత్తి ఆటను ప్రారంభంగా తీసుకుంటే, మధ్యలో అనేక దశాబ్దాలు గడిచాక మళ్ళీ వేదిక ఎక్కినట్లు. ఈసారి పాత్ర పేరూ నటి పేరూ ఒకటే. దాని తరువాత 2016లో నందినీ మురళితో కలిసి తెచ్చిన ‘ఎ లైఫ్ ఇన్ ట్రాన్స్ యాక్టివిజం’లో ఆమె మళ్ళీ తన మొదటి పద్ధతికే వెళ్ళారు. అందులో కొంత భాగం ఆమె కథ, కొంత భాగం ట్రాన్స్ పురుషుల కథలు. ఆడపిల్లలుగా పెరిగి మగవారిగా జీవించదలచుకున్న వీరికి హిజ్రా ఇల్లు వంటి ఆశ్రయం లేదు, నిర్వాణం వంటి క్రతువు లేదు, 40 రోజుల తరువాత అద్దం చూపించే గురువు లేదు. ఆడపిల్ల ఇల్లు దాటడమే కష్టమైన చోట పారిపోవడానికి వారికి ఉన్న దారులూ తక్కువే. జాతరలో వారు కట్టి మెప్పు పొందగల మగవేషం కూడా ఊళ్ళలో అరుదు. రేవతి వారిళ్ళకు వెళ్ళి, టేపు పెట్టి, వారు చెప్పినది రాసుకున్నారు.